గొంగడి మీద తెల్లని పొట్టు

మా అత్తయ్య దగ్గర ఒక నల్ల గొంగడి ఉంది. మామయ్యగారు పొలానికి వెళ్ళేటప్పుడు భుజాన వేసుకున్నది. ఆయన పోయాక అత్తయ్య దాన్ని తన మంచం మీద కాళ్ళ వైపు పరుస్తారు. దాని మీద మా జున్ను పడుకుంటుంది. జున్ను లాసా ఆప్సో జాతి కుక్క. నాలుగేళ్ళ వయసు, ఆరు కిలోల రెండు వందల గ్రాముల బరువు, నేలను తాకే తేనెరంగు జుట్టు. 2024 నవంబరు 11, కార్తీక సోమవారం. తెల్లవారుజామున దీపం పెట్టడానికి లేచిన అత్తయ్య గొంగడి దులపబోయి ఆగి నన్ను పిలిచారు. నల్లని ఉన్ని మీద ముగ్గుపిండి చల్లినట్టు తెల్లటి పొట్టు పడి ఉంది.

జున్నును ఒళ్ళో పెట్టుకుని జుట్టు పాయలు తీసి చూశాను. మెడ దగ్గర నుంచి తోక మొదలు దాకా, వెన్నెముక పొడవునా, చర్మం పొడిబారి పొరలు పొరలుగా లేస్తోంది. కడుపు కింద, కాళ్ళ మీద ఏమీ లేదు. పైన జుట్టు నిగనిగలాడుతూనే ఉంది. రోజూ ఎత్తుకుని తిరిగే కుక్క చర్మాన్ని నేను ఎన్నాళ్ళుగా చూడలేదో ఆ క్షణంలో తెలిసింది. పొట్టి జుట్టు కుక్కకైతే ఇది రెండో రోజే కంటపడేది.

వెంటనే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళలేదు. నేను ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలో ఉపాధ్యాయురాలిని. ఆ నెలలో రాష్ట్రమంతటా ఇంటింటి కుటుంబ సర్వే జరుగుతోంది. ఒంటిపూట బడి, మిగిలిన పూట సర్వే కాగితాలతో ఇల్లిల్లూ తిరగడం. హనుమకొండలోని మా ఇంటికి చేరేసరికి రాత్రి ఏడు దాటేది. కుక్క హుషారుగానే ఉంది, తింటోంది, పెద్దగా గోక్కోవడం కూడా లేదు. చలికాలం కదా, మన కాళ్ళూ పగులుతున్నాయి కదా అనుకున్నాను. ఆ అనుకోవడం ఖరీదు దాదాపు నెల రోజులు.

ఆ పదమూడు రోజుల్లో ఇంట్లో చేసినవన్నీ చెబుతాను. మీరూ ముందు వీటినే చేయబోతారు కాబట్టి.

మొదట కొబ్బరినూనె. గోరువెచ్చగా చేసి వీపంతా పట్టించాను. రెండు రోజులు పొట్టు రాలడం ఆగింది. సంతోషించాను. నిజానికి రాలడం ఆగలేదు, నూనెకు అంటుకుని జుట్టులోనే ఉండిపోయింది. జున్ను ఆ నూనెను నాకి నాకి మూడో రోజు విరేచనాలు పట్టుకుంది. నూనె జిడ్డుకు దుమ్ము చేరి చెవుల వెనుక, చంకల్లో జుట్టు ఉండలు కట్టింది. వాటిని విడదీయడానికి ఒక ఆదివారం ఉదయమంతా పట్టింది. రెండు ఉండలను కత్తిరించక తప్పలేదు.

నూనె వదిలించడానికి మా వారు తన తలకు వాడే చుండ్రు షాంపూ తెచ్చారు. మనిషి చుండ్రుకు పనిచేసేది కుక్క చుండ్రుకు ఎందుకు చేయదు అని ఆయన వాదన. నాకూ సబబుగానే తోచింది. ఆ స్నానం తరువాత రెండు రోజులకు వీపు ఎర్రబారింది, పొట్టు రెట్టింపయింది. కుక్క చర్మానికి మన చర్మమంత ఆమ్లగుణం ఉండదనీ, దాని పైపొర మనకన్నా పలుచననీ, మన తలకు తయారు చేసిన షాంపూ దానికి మరీ ఘాటు అవుతుందనీ తరువాత డాక్టరు చెప్పారు. అప్పటికి నాకు తెలిసింది ఒకటే, ముట్టుకుంటే జున్ను వీపు ముడుచుకుంటోంది. అది చూసి చాలా బాధపడ్డాను. నోరు లేని ప్రాణి మీద నేనే ప్రయోగాలు చేస్తున్నానని అనిపించింది.

వేపాకు కాచిన నీళ్ళు కూడా పోశాం. దానివల్ల మంచీ జరగలేదు, చెడూ జరగలేదు.

నవంబరు 24, ఆదివారం, మొదటిసారి ఒక పశువైద్యుడి దగ్గరికి వెళ్ళాం. డాక్టరుగారికి శుభ్రంగా చూపించాలని ముందురోజు సాయంత్రం స్నానం చేయించి, దువ్వి, మెడకు కొత్త పట్టీ కట్టి తీసుకెళ్ళాను. మా ముందు ఎనిమిది మంది ఉన్నారు, గంటా నలభై నిమిషాలు కూర్చున్నాం. ఆయన వీపు మీద చేయి వేసి చూసి, చలికాలపు పొడి చర్మం అన్నారు. ఒక షాంపూ, విటమిన్ల సిరప్పు రాసి మూడు వారాలు వాడమన్నారు. ఫీజు 300, షాంపూ 450, సిరప్పు 380. ఆయనను తప్పు పట్టను. కడిగి, దువ్వి, సాక్ష్యమంతా నీళ్ళలో పోసి తీసుకెళ్ళింది నేనే. చర్మం చూపించడానికి వెళ్ళేటప్పుడు నాలుగైదు రోజుల ముందు నుంచి స్నానం చేయించకూడదని, నూనె రాయకూడదని, దువ్వకూడదని నాకు తెలియదు. ఈ ఒక్క మాట ముందే ఎవరైనా చెప్పి ఉంటే ఎంత బాగుండేదో.

షాంపూతో రెండు స్నానాలయ్యాయి. తేడా లేదు. బడి నుంచి ఒక నల్ల చార్టు కాగితం తెచ్చి, జున్నును దాని మీద నిలబెట్టి, వీపు మీద ఇరవైసార్లు దువ్వి, ఎంత పొట్టు రాలిందో నోటుపుస్తకంలో రాయడం మొదలుపెట్టాను. డిసెంబరు 1 నాటి పేజీలో 'లెక్కపెట్టలేను' అని రాసి ఉంది.

డిసెంబరు 4 ఉదయం సంగతి ఈ జిల్లాలో ఎవరూ మరిచిపోరు. ఏడున్నర కావడానికి ఇంకా రెండు మూడు నిమిషాలు ఉందనగా భూమి కంపించింది. ములుగు జిల్లా కేంద్రంగా 5.3 తీవ్రతతో వచ్చిన భూకంపం. వంటింట్లో గిన్నెలు గలగలలాడాయి, గోడ మీద క్యాలెండరు ఊగింది. ఏం జరుగుతోందో అర్థమయ్యేసరికి వీధిలోకి పరుగెత్తాం. అప్పుడే స్నానం చేసి వచ్చిన అత్తయ్య ఉన్నపళంగా జున్నును ఎత్తుకుని బయటికి వచ్చారు. స్వెట్టరు వేసుకోలేదు. నవంబరు మధ్య నుంచి ఆమె పగలూ రాత్రీ నిండు చేతుల స్వెట్టరులోనే ఉంటున్నారు. చలికి అనుకున్నాం. ఆ పొద్దుటి వెలుతురులో, జున్నును పట్టుకున్న ఆమె రెండు ముంజేతులూ చూశాను. మోచేతి దాకా ఎర్రటి చిన్న చిన్న పొక్కులు, గోకిన గీతలు.

భూకంపం సద్దుమణిగింది. మా ఇంట్లో మాత్రం ఆ చేతుల మాటే నడిచింది. ఎన్ని రోజులైంది అంటే ఆమె చెప్పలేదు. ఏదో వేడి చేసింది, తగ్గిపోతుందిలే అమ్మా అన్నారు. మరుసటి రోజు పట్టుబట్టి చర్మవ్యాధుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాం. సబ్బు మార్చారా, కొత్త మందులేమైనా వాడుతున్నారా, ఎలాంటి బట్టలు కడతారు అని అడిగారు. ఏ మార్పూ లేదన్నాం. ఎలర్జీ అని మాత్రలు, పూత మందు ఇచ్చారు. ఫీజుతో కలిపి 1,140 రూపాయలు. ఇంట్లో కుక్క ఉందా అని ఆయన అడగలేదు, ఉందని మేమూ చెప్పలేదు. ఒకే మంచం మీద ఇద్దరికి ఒకే నెలలో చర్మం చెడితే ఆ రెండింటినీ కలిపి ఆలోచించాలన్న ఊహ మా ఇంట్లో చదువుకున్న ముగ్గురిలో ఒక్కరికీ రాలేదు.

డిసెంబరు 9, సోమవారం సాయంత్రం ఆరింటికి, తోటి ఉపాధ్యాయురాలు చెప్పిన మరో పశువైద్యురాలి దగ్గరికి వెళ్ళాం. ఈసారి స్నానం చేయించలేదు. కావాలని కాదు, వారమంతా తీరిక దొరకలేదు. ఆ డాక్టరుగారు జున్నును బల్ల మీద నిలబెట్టి ముట్టుకోకముందే అడిగిన మొదటి ప్రశ్న, "ఇంట్లో ఎవరికైనా దురదగా ఉందా అమ్మా?"

నేనూ మా వారూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం.

అక్కడి నుంచి ఇరవై నిమిషాల్లో అంతా తేలిపోయింది. ఆమె వీపు మీద జుట్టు పాయ తీసి, మామూలు పారదర్శక టేపు ముక్కను చర్మానికి గట్టిగా అదిమి, దాన్ని గాజు స్లైడు మీద అతికించారు. అలా నాలుగు చోట్ల. తరువాత బ్లేడు మొండి అంచుతో రెండు చోట్ల చర్మాన్ని మెల్లగా గీకి, ఆ గీరుడును వేరే స్లైడుల మీద పెట్టారు. చర్మం లోపల ఉండే గజ్జి పురుగుల కోసమట. గది దీపాలు ఆర్పి ఊదా రంగు కాంతి వెదజల్లే దీపంతో ఒళ్ళంతా వెతికారు. అది తామర కోసం. జున్ను వణుకుతూనే ఉంది కానీ ఒక్కసారి కూడా గుర్రుమనలేదు. నేను దాని గడ్డం కింద చేయి పెట్టి నిలబడ్డాను.

ఆఖరున ఒక నల్ల కాగితం మీద కాస్త పొట్టు దువ్వి, భూతద్దం నా చేతికిచ్చి, కదలకుండా చూస్తూ ఉండమన్నారు. అర నిమిషం ఏమీ కనిపించలేదు. తరువాత ఒక పొట్టు రేకు కదిలింది. గాలికి అనుకుని ఊపిరి బిగబట్టాను. మళ్ళీ కదిలింది. దాని పక్కన ఇంకొకటి. నా ఒళ్ళు జలదరించింది.

"దీన్ని నడిచే చుండ్రు అంటారు" అన్నారు ఆమె. కైలెటియెల్లా అనే పురుగు. అర మిల్లీమీటరు కూడా ఉండదు. పొట్టు కింద తిరుగుతూ పొట్టును కదిలిస్తుంది. సూక్ష్మదర్శినిలో చూపించారు, ఎనిమిది కాళ్ళు, నోటికి రెండు పక్కలా కొక్కేల్లాంటివి. ఇది గజ్జి పురుగులా చర్మాన్ని తవ్వుకుంటూ లోపలికి పోదు. పైపైనే బతుకుతుంది. అందుకే కొన్ని కుక్కలకు దురద అంతగా ఉండదు, పొట్టే ఎక్కువగా కనిపిస్తుంది. గుడ్లను వెంట్రుకలకు అంటించి పెడుతుంది. కుక్కను ఒళ్ళో పెట్టుకునే మనుషుల చేతుల మీద, పొట్ట మీద కుట్టి పొక్కులు తెస్తుంది. అయితే మనిషి ఒంటి మీద అది కాపురం చేయలేదు, కుక్కకు నయమైతే మనిషికీ తగ్గిపోతుంది అన్నారు. ఆ మాట విన్నాక నా గుండె కాస్త కుదుటపడింది.

ఎక్కడి నుంచి వచ్చి ఉంటుందని అడిగాను. వేరే కుక్క నుంచో పిల్లి నుంచో, లేదా అవి పడుకున్న పరుపు నుంచో అన్నారు. దసరాకు ఊరెళ్ళినప్పుడు జున్నును మూడు రోజులు ఒక చోట వదిలి వెళ్ళాం. అక్కడే అంటిందని చెప్పడానికి నా దగ్గర రుజువు లేదు. సాయంత్రాలు వడ్డేపల్లి చెరువు వైపు నడిచేటప్పుడు అది పలకరించే కుక్కలూ తక్కువేమీ కాదు.

మందు మెడ వెనుక చర్మం మీద వేసే చుక్కలు. గుడ్ల మీద ఆ మందు పనిచేయదు. వాటి నుంచి పిల్లలు బయటికి వచ్చాక చంపాలి కాబట్టి రెండు వారాలకొకసారి చొప్పున మూడుసార్లు. డిసెంబరు 9, 23, జనవరి 6. ఒక్కొక్కటి 820 రూపాయలు. బరువు తూచి, ఆ బరువుకు సరిపడే గొట్టమే ఇచ్చారు. వేయడానికి రెండు రోజుల ముందూ, రెండు రోజుల తరువాతా స్నానం వద్దన్నారు.

చుక్కలు వేయడం ఎంత పని అనుకున్నాను. పొడవాటి జుట్టున్న కుక్కకు అది తేలిక కాదు. జుట్టు మీద పడిన మందు జుట్టుకే పోతుంది, చర్మానికి చేరదు. నాకు పట్టుబడిన పద్ధతి ఇది. ముందు దువ్వెన కొనతో రెండు భుజాల మధ్య, అది తల తిప్పినా నాలుక అందని చోట, నిలువుగా పాపిడి తీయాలి. ఒకరు రెండు వైపులా జుట్టును వేళ్ళతో అదిమి పట్టుకోవాలి. తెల్లగా చర్మం కనిపించాక గొట్టం మూతి చర్మానికి తాకించి మెల్లగా నొక్కాలి. రెండోసారి నేనూ అత్తయ్యా కలిసి వేసినప్పుడు ఒక్క చుక్క కూడా వృథా కాలేదు.

మా వీధిలో పాడి గేదెలున్న ఒక పెద్దాయన, ఇంత ఖర్చెందుకమ్మా, పశువులకు వేసే సూది మందు నా దగ్గరే ఉంది, కొంచెం వేస్తే పురుగంతా పోతుంది అన్నారు. మంచి మనసుతోనే అన్నారు. ఫోను చేసి అడిగితే డాక్టరుగారు గట్టిగా వద్దన్నారు. నాలుగు వందల కిలోల గేదె కోసం తయారైన మందును ఆరు కిలోల కుక్కకు కొలవడంలో చిన్న పొరపాటు జరిగినా నరాల మీద దెబ్బ పడుతుందని, కొన్ని జాతుల కుక్కలకు మామూలు మోతాదే ప్రమాదమని చెప్పారు.

డిసెంబరు 9 రాత్రి, పురుగు సంగతి తెలిసిన రోజే, ఇంటికొచ్చి అత్తయ్యకు విషయం చెప్పాను. పొక్కులు జున్ను వల్లే అని, మందు వేశామని, తగ్గిపోతుందని. ఆమె చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, "నాకు ముందే తెలుసమ్మా" అన్నారు. జున్ను పడుకున్న చోటే, దాన్ని ఎత్తుకున్న చేతులకే పొక్కులు వస్తున్నాయని ఆమె మొదటి వారంలోనే గమనించారు. "చెబితే వాడు దీన్ని ఎక్కడైనా ఇచ్చేస్తాడని భయపడ్డాను" అన్నారు. మూడు వారాలకు పైగా ఆమె స్వెట్టరు చేతుల కింద ఆ దురదను దాచుకున్నారు. రాత్రుళ్ళు నిద్ర లేక కూర్చున్నారు. మామయ్యగారు పోయిన ఇంట్లో ఆ కుక్క ఆమెకు ఏమిటో మేమంతా తెలుసుననే అనుకున్నాం. మా వారు ఆమె మంచం పక్కన కింద కూర్చుని, దాన్ని ఎక్కడికీ పంపం అమ్మా అని రెండుసార్లు చెప్పారు.

మర్నాటి నుంచి ఇల్లు. ఈ పురుగు కుక్క ఒంటి మీద కాకుండా విడిగా కూడా పది రోజుల దాకా బతకగలదట. దుప్పట్లు, దిండు గలీబులు, సోఫా తొడుగులు, కర్టెన్లు, నా ఇంటి చీరలు అన్నీ మరిగిన నీళ్ళలో నానబెట్టి ఉతికాం. దువ్వెనలు పొయ్యి మీద కాచాం. జున్ను పడుకునే మెత్త చింపి పారేసి 900 పెట్టి కొత్తది కొన్నాం. గొంగడి దగ్గరికి వచ్చేసరికి చిక్కొచ్చింది. ఉన్నిని వేడినీళ్ళలో వేస్తే ముడుచుకుపోతుంది. పారేయమని అనే ధైర్యం నాకు లేదు. డాక్టరుగారినే అడిగాను. పెద్ద పాలిథిన్ సంచిలో పెట్టి గాలి చొరకుండా కట్టి, మూడు వారాలు ముట్టుకోకండి, ఆతిథ్యం ఇచ్చే ఒళ్ళు దొరకక అవే చస్తాయి, తరువాత ఎండలో వేయండి అన్నారు. ఇంత తేలికైన ఉపాయం ఉంటుందని నేను ఊహించలేదు. డిసెంబరు 10న సంచి కట్టి, తేదీ రాసి అటక మీద పెట్టాను. అత్తయ్య రోజూ ఒకసారి అటక వైపు చూసేవారు.

డిసెంబరు 23 నాటికి ఆమె చేతుల మీద కొత్త పొక్కు ఒక్కటి కూడా రాలేదు. పాతవి నల్లబడి ఎండిపోయాయి. జున్ను పొట్టు సగానికి పడింది. జనవరి 6న మూడో మందు వేసేటప్పుడు పాపిడి తీస్తే చర్మం గులాబీ రంగులో కనిపించింది. ఇంక అయిపోయిందనుకున్నాను.

సంక్రాంతి మూడు రోజులూ మా అమ్మాయి హైదరాబాదు నుంచి వచ్చి జున్నుతోనే గడిపింది. కనుమ మరునాడు, జనవరి 16న, నల్ల కాగితం మీద దువ్వితే మళ్ళీ పొట్టు. ఇదివరకటి రేకుల్లా కాదు, పిండిలా సన్నగా. కాళ్ళలో సత్తువ పోయినట్టయింది. మళ్ళీ దుప్పట్లు, మళ్ళీ కాగులు. అత్తయ్య మారు మాట్లాడకుండా తన చేతులు చూసుకోవడం చూశాను.

జనవరి 20న మళ్ళీ టేపు పరీక్ష. ఆరు స్లైడులు చూశారు. పురుగు లేదు, గుడ్డు లేదు. "ఇది వేరే కథ. ఇది అచ్చంగా పొడి చర్మమే" అన్నారు. పురుగు పోయినా దెబ్బతిన్న చర్మం వెంటనే కోలుకోదట. కుక్క చర్మంలో అడుగున పుట్టిన కణం పైకి వచ్చి రాలిపోవడానికి సుమారు మూడు వారాలు పడుతుంది. అంటే ఈ రోజు చేసిన మంచి పని ఫలితం మూడు వారాల తరువాత గానీ కనిపించదు. నేనేమో మూడు రోజులకొకసారి మందు మారుస్తూ వచ్చాను. ఆ తరువాత ఆమె అడిగారు, స్నానం ఎలా చేయిస్తారో మొదటి నుంచి చివరి దాకా చెప్పమ్మా అని.

చెప్పాను. వారానికొకసారి, గీజరు వేడి నీళ్ళతో. మా ఇంట్లో బోరు నీళ్ళు, బకెట్ల అంచులకు తెల్లగా గార కడతాయి. షాంపూ నేరుగా వీపు మీద పోసి, రుద్ది, రెండు చెంబులు పోసి, తువ్వాలుతో గట్టిగా తుడిచి, ఎండలో వదిలేస్తాను. ఆమె తల అడ్డంగా ఊపుతూ వింటూ ఉన్నారు. నేను చెప్పిన ప్రతి అడుగులోనూ ఒక పొరపాటు ఉంది.

స్నానానికి ముందే దువ్వాలి. తడిస్తే ఉండలు బిగుసుకుని చర్మాన్ని లాగుతాయి, వాటి కింద తడి రోజంతా నిలిచిపోతుంది. నీళ్ళు గోరువెచ్చగా, మణికట్టు మీద పోసుకుంటే వేడీ చల్లదనం తెలియనట్టుగా ఉండాలి. వేడి నీళ్ళు ఒంటి మీది సహజమైన నూనెను కడిగేస్తాయి. షాంపూను మగ్గు నీళ్ళలో కలిపి పోయాలి, లేకపోతే పడిన చోటే చిక్కగా ఉండిపోతుంది. ఆమె ఇచ్చిన మందు షాంపూ పది నిమిషాలు ఒంటి మీద ఉండాలి. ఆ పది నిమిషాలు చాలా పొడుగు. గడియారం చూస్తూ జున్నుకు కబుర్లు చెబుతూ గడిపాను. ఆ తరువాత కడగడం. నురగ పోయిందంటే షాంపూ పోయినట్టు కాదు. పొడవాటి జుట్టు అడుగున అది దాక్కుంటుంది. రుద్దిన సమయానికి రెట్టింపు సేపు కడగాలి, వేళ్ళు జుట్టు కుదుళ్ళలోకి పోనిచ్చి, జారుడు పోయేదాకా. బోరు నీళ్ళకు షాంపూ సరిగా వదలదు కాబట్టి చివరి రెండు బకెట్లు నల్లా నీళ్ళు పట్టి ఉంచుకోమన్నారు. తువ్వాలుతో రుద్దకుండా అద్దాలి. తరువాత తక్కువ వేడి మీద హెయిర్ డ్రయ్యరు, ఒకే చోట నిలపకుండా, చర్మం దాకా ఆరేవరకు. పైన ఆరినట్టుండి లోపల తడిగా ఉంటే ఈ జాతికి శిలీంధ్రం పట్టడం ఎంతసేపు? పది నిమిషాల్లో ముగించే స్నానం ఇప్పుడు గంటన్నర పడుతోంది. అయితే వారానికొకసారి కాదు, మూడు వారాలకొకసారి.

తరువాత తిండి గురించి అడిగారు. కార్తీకమాసమంతా మా ఇంట్లో మాంసం, గుడ్డు వండం. జున్ను కూడా ఆ నెలంతా పెరుగన్నమే తిన్నది. కార్తీకం వెళ్ళాక కూడా అలవాటు కొద్దీ అదే సాగింది. అత్తయ్య ముద్దలు చేసి పెడతారు, అది ఇష్టంగా తింటుంది. చర్మానికి మాంసకృత్తులు, కొవ్వు ఆమ్లాలు కావాలి, పెరుగన్నంలో అవి చాలవు అన్నారు డాక్టరుగారు. ఇప్పుడు రోజూ కుక్కల కోసం తయారైన సమతుల ఆహారం కొలిచి పెడుతున్నాం. వారానికి మూడు రోజులు ఉప్పు, కారం, ఉల్లి, వెల్లుల్లి లేకుండా ఉడికించిన కోడిమాంసమో గుడ్డో కొద్దిగా కలుపుతాం. చేపనూనె కూడా ఇచ్చారు. దాని ఫలితం కనబడటానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుందని, ఈలోగా తొందరపడి మోతాదు పెంచితే విరేచనాలవుతాయని ముందే హెచ్చరించారు. రెండు నెలల్లో మార్పు లేకపోతే థైరాయిడ్ కోసం రక్తపరీక్ష చేద్దామన్నారు. ఆ అవసరం రాలేదు.

ఖర్చు అడిగేవాళ్ళు ఉంటారు. మొదటి డాక్టరు దగ్గర 1,130. అత్తయ్యకు 1,140. రెండో డాక్టరు ఫీజు 400, పరీక్షలు 700, మూడుసార్ల చుక్కల మందు 2,460. జనవరి 20న ఫీజు, టేపు పరీక్ష, షాంపూ, చేపనూనె కలిపి 1,760. కొత్త మెత్త 900. మొత్తం 8,490 రూపాయలు, తిండి మార్పుకు అయ్యేది కాకుండా. మొదటి రోజే టేపు పరీక్ష జరిగి ఉంటే ఇందులో కొంతయినా మిగిలేది. డబ్బు కన్నా అత్తయ్య మేలుకున్న ఆ రాత్రులు మిగిలేవి.

జనవరి 26న గొంగడిని అటక మీద నుంచి దింపాం. మూడు వారాలు చాలన్నా ఆరు వారాలు దాటించాను. డాబా మీద రెండు రోజులు ఎండబెట్టి, కర్రతో దులిపి, దువ్వెన పెట్టి దువ్వి, భూతద్దంతో చూశాను. ఆ రాత్రి అత్తయ్య దాన్ని మళ్ళీ మంచం మీద పరిచారు. జున్ను ఎక్కి మూడు చుట్లు తిరిగి, తన పాత చోటే ముడుచుకుంది.

నోటుపుస్తకం ఇంకా సాగుతోంది. ఫిబ్రవరి 9న ఇరవై దువ్వులకు అరవై దాకా రేకులు. ఫిబ్రవరి 23న ముప్పై ఒకటి. మార్చి 16న తొమ్మిది. కొన్ని రాలడం ఏ కుక్కకైనా సహజమే, సున్నా కోసం చూడకండి అన్నారు డాక్టరుగారు. జుట్టు ఇప్పుడు కుదుళ్ళ దగ్గర నుంచే మెత్తగా ఉంది. వీపు మీద చేయి వేస్తే ముడుచుకోవడం మానేసి నా వైపు ఒరుగుతోంది.

లెక్కలో ఇంకొకటి కూడా చేరింది. ఆదివారం నేను నల్ల కాగితం మీద లెక్క రాసుకోవడం పూర్తికాగానే, అడగకుండానే అత్తయ్య రెండు చేతులూ మోచేతుల దాకా చాచి నాకు చూపిస్తారు. వాటిని కూడా చూసి, తేదీ పక్కన ఏమీ లేవని రాస్తాను.